బేరమాడి తీయించిన కొటేషన్ మార్కులు

వంకాయల మీద, వడ్డీ మీద, పెళ్ళి మంటపం అద్దె మీద బేరమాడి తగ్గించిన మొనగాళ్ళు మా విడవలూరు బజారులో అడుగడుక్కీ తగులుతారు గాని, కంప్యూటరు కోసం రాసిన స్క్రిప్టులో కొటేషన్ మార్కుల మీద బేరమాడి సగానికి సగం తీయించిన ఘనుణ్ణి జిల్లా మొత్తం మీద నేనొక్కణ్ణే. ఆ బేరం నేను గెలిచాను. ఊరికే గెలవడం కాదు, అవతలి మనిషి చేత 'సరే బావా, నీ ఇష్టం' అనిపించి, ఆ సంతోషంలో అతనికి మసాలా వడలు కూడా ఇప్పించాను. మర్నాడు పొద్దున నా భుజం పక్క ఎముక విరిగింది. ఆ ఎముక ఆ బేరానికి బయానా మాత్రమేనని సాయంత్రానికి గాని నాకు అర్థం కాలేదు.

మొన్న ఒక అమ్మాయి ఈ పాత పుండును గెలికింది. నెల్లూరులో ఒక చిన్న కంపెనీలో కుర్రవాళ్ళు రాసిన స్క్రిప్టులు సరిచూసే పని నాది. ఈ వయసులో నాకు వేరే పని ఎవరూ ఇవ్వరు, దీనికి కూడా జీతం దగ్గర మేనేజరును ఏడిపించాకే చేరాను. ఆ అమ్మాయి రాసినదాంట్లో ప్రతి పేరుకూ అటూ ఇటూ కోట్స్ పెట్టమని ఎర్రగా గీసి పంపితే, నా బల్ల దగ్గరికి వచ్చి, "సార్, ఈ పేర్లలో ఖాళీలే లేవు గదా సార్, ఊరికే ఈ గుర్తులన్నీ ఎందుకు, చీమలు పట్టినట్టుంది" అన్నది. నాకు చటుక్కున భుజం పీకింది. ఒకప్పుడు ఇదే మాట నేను, ఇంతకంటే పెద్ద గొంతుతో, ఇంతకంటే తక్కువ తెలివితో అన్నాను. పెట్టమ్మా, పెడితే పోయేదేముంది అని మాత్రం చెప్పి ఆ పిల్లను పంపేశాను. మిగతాది మీకు చెబుతాను; మీరంతా నా ఈడువాళ్ళు, దెబ్బలు తినకుండా పెరిగిన తరం కాదు మనది.

మాది కిరాణా కొట్టు ఇల్లు. మా నాయన బియ్యం కొలిచేటప్పుడు మొదటి మానికను 'ఒకటి' అనడం మా ఇంటావంటా లేదు. 'లాభం' అనాలి, ఆ తర్వాతే రెండు, మూడు. అట్లాగే ఏ కాగితం మీదైనా, ఏ బస్తా మీదైనా ముందు 'శ్రీ' పడాలి. చిన్నప్పుడు ఒకసారి పండగ రద్దీలో నేను కొలుస్తూ తొందరలో 'ఒకటి' అనేశాను. నాయన చేతిలో ఉన్న తూకపు కోలతో చెవి కింద ఒక్కటి తగిలించాడు. చర్మం చిట్లి రక్తం బియ్యంలో పడింది. రక్తం పడిన గుప్పెడు తీసి పక్కన పెట్టి, నా చేతిలోంచి మానిక లాక్కుని, 'లాభం' అంటూ తనే మళ్ళీ మొదలుపెట్టాడు. కొనడానికి వచ్చిన ఆసామి కూడా అటూ ఇటూ చూడకుండా సంచి పట్టుకు నిలబడ్డాడు. ఇందులో క్రూరత్వం ఉందని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. రేటు దగ్గర తేడా వస్తే తూకపు రాళ్ళు విసురుకునే బజారు అది. పక్కకొట్టు చిన్నాయనకు ముందు పళ్ళు ఊడింది ఉల్లిపాయల బేరంలోనే.

ఆ కొట్టు మీద మేడగదిలోనే నేను, మా బావమరిది కలిసి కంప్యూటర్ల పని పెట్టుకున్నాం. బావమరిది అంటే నా భార్యకు తోడబుట్టిన తమ్ముడు. ఇంజనీరింగు చదివినవాడు, నెమ్మదైనవాడు, మాట్లాడాల్సినచోట కూడా గోరు చూసుకుంటూ కూర్చునే రకం. నేను నేర్చుకున్నది అరాకొరా. అందుకని మా ఇద్దరి మధ్య ఒప్పందం ఏమిటంటే అతను పనిచేస్తాడు, నేను ఆ పనిని అమ్ముతాను.

అప్పట్లో మా తీరంలో వరి పొలాలూ ఉప్పు నేలలూ వరసబెట్టి రొయ్యల గుంటలుగా మారిపోతున్నాయి. మీకు తెలిసిందే గదా, రొయ్యకు నీళ్ళు ఉంటే చాలదు, నీళ్ళలో గాలి ఉండాలి. పొద్దు వాలిన దగ్గర్నుంచీ నీళ్ళలో గాలి తగ్గుతూ వస్తుంది, అందుకని ఏరియేటర్లనే చక్రాలు పెట్టి రాత్రంతా నీళ్ళను చిలకాలి. చిలకడం ఆగిందంటే తెల్లారేసరికి రొయ్యలు పైకి తేలతాయి. కావలివాళ్ళు నిద్రపోయి మోటారు వెయ్యకపోవడం, వేసినవాడు కరెంటు పోతే మళ్ళీ వెయ్యకపోవడం రైతులకు పెద్ద బాధగా ఉండేది. దానికి మా బావమరిది ఒక ఉపాయం కట్టాడు. గుంట గట్టు మీద ఒక పెట్టె. మా మేడగదిలోని కంప్యూటరు గంటగంటకూ లేచి, ఏ గుంటకు ఎప్పుడు మోటారు తిరగాలో పట్టిక చూసుకుని, ఆ పెట్టెకు మెసేజీ కొడుతుంది. మెసేజీ అందినంతసేపూ మోటారు తిరుగుతుంది, అందకపోతే కాలిపోకుండా తనంతట తనే ఆగిపోతుంది. కావలివాళ్ళు వేలు పెట్టకుండా పెట్టెకు తాళం వేసి తాళంచెవి మా దగ్గరే పెట్టుకోవాలన్నది మాత్రం నా ఆలోచన. 'మనిషి చెయ్యి పడని మిషను' అని ఊరూరా చెప్పి అమ్మాను.

అందరికంటే ముందు కొన్నది పెద్దమామ. నా మామగారికి అన్న, మా బావమరిదికి సొంత పెదనాయన. బియ్యం వ్యాపారం కట్టిపెట్టి మైపాడు పక్కన ఉప్పు నేల కౌలుకు తీసుకుని గుంటలు తవ్వించాడు. మనిషి ఎత్తు తక్కువ, చేతులు మాత్రం కాడి మానుల్లా ఉండేవి. మామగారు పోయాక బావమరిదిని చదివించింది ఆయనే; చదువుకోకపోతే కొట్టిందీ ఆయనే.

ఇక స్క్రిప్టు సంగతి. ప్రోగ్రాము అంటే ఒక్క ముక్కగా ఉండదు, ఎన్నో ముక్కలు చేర్చి కట్టాలి. కట్టబోయే చోట పాతది ఏదన్నా ఉంటే తుడిచెయ్యి, కొత్త ముక్కలు తీసుకురా, ఈ చోట పెట్టు, అని వరసగా రాసిపెట్టుకునే ఆజ్ఞల చిట్టాను బిల్డ్ స్క్రిప్టు అంటారు. ఆ ఆజ్ఞలు చదివి చేసేవాడి పేరు షెల్. వాడు కిరాయికి తెచ్చుకున్న రౌడీ లాంటివాడు. కండ ఉంది, అనుమానం లేదు, కొట్టమంటే ఎందుకని అడగడు. వాడికున్న గుణం ఒక్కటే: పేరు మధ్యలో ఖాళీ కనిపిస్తే అవి ఇద్దరు మనుషుల పేర్లనుకుని ఇద్దరి ఇళ్ళకూ వెళతాడు. పేరు మొత్తాన్ని కోట్స్ మధ్య కట్టి ఇస్తేనే అది ఒక్కడి పేరని ఊరుకుంటాడు. మా బావమరిది అన్నం తినేముందు చెయ్యి కడుక్కున్నట్టు ప్రతి పేరుకూ కోట్స్ పెట్టేవాడు.

ఆ సాయంత్రం, కొత్తగా చేరిన రైతుల కోసం ప్రోగ్రామును మళ్ళీ కడుతూ, నేను అతని పక్కన కూర్చుని తెర చదవబోయి విసుక్కున్నాను. అన్నీ గుర్తులే. తీసెయ్యమన్నాను. తీయనన్నాడు. మన ఫోల్డరు పేరు 'శ్రీ', ఒక్క మాట, అందులో ఖాళీ ఎక్కడుందన్నాను.

"ఈ పొద్దు లేదు బావా. రేపు నువ్వు ఏం పేరు పెడతావో నాకేం తెలుసు" అన్నాడు అతను.

"అట్టయితే సగం తియ్."

"కోట్స్‌లో సగం ఏంది బావా, కందిపప్పా?"

నవ్వాడు గాని, నేను వదల్లేదు. బేరంలో అవతలివాడు నవ్వితే సగం దిగినట్టే అని మా నాయన దగ్గర నేర్చుకున్నవాణ్ణి. చివరికి ఇద్దరం మధ్యకు వచ్చాం: ముక్కలు తెచ్చి కట్టే వరసల్లో కోట్స్ ఉంటాయి, పాతది తుడిచే వరసల్లోనూ, మెసేజీలు పంపే పని మొదట్లో చెత్త తీసే వరసల్లోనూ ఉండవు. ఎందుకంటే, సరుకు కట్టేచోట జాగ్రత్త కావాలి గాని చెత్త పారేసేచోట జాగ్రత్తేమిటి? ఇది నా వాదం. ఏ కొట్టువాణ్ణి అడిగినా ఇదే చెబుతాడు. మొత్తం కోట్స్ తీసేసినా బతికేవాళ్ళం, కట్టే వరసలో తప్పు పట్టి ఆగిపోయి సంగతి ఆ రాత్రే బయటపడేది; మొత్తం ఉంచినా బతికేవాళ్ళం. సగం ఉంచి సగం తీయడం వల్ల, కట్టడం సవ్యంగా జరిగి కొట్టడం ఒక్కటే గతి తప్పింది.

వడలు తిని అతను ఇంటికి వెళ్ళాక, పాత 'శ్రీ'ని అట్లాగే ఉంచి, కొత్త ఫోల్డరుకు నేను ముచ్చటపడి 'శ్రీ లాభం' అని పేరు పెట్టాను. మధ్యలో ఖాళీ. స్క్రిప్టును వదిలాను. తుడిచే వరస దగ్గర షెల్‌కు కోట్స్ లేకుండా 'శ్రీ లాభం' కనిపించింది. వాడు 'శ్రీ' ఇంటికి వెళ్ళాడు, అక్కడున్న పాత ప్రోగ్రామును, పట్టికను, అంతటినీ నరికి పారేశాడు. ఆ తర్వాత 'లాభం' కోసం వెతికాడు, అటువంటివాడు లేడు, నోరు మూసుకుని ముందుకు పోయాడు. కింది వరసల్లో కోట్స్ ఉన్నాయి గనుక కొత్త ఫోల్డరు చక్కగా కట్టుకుంది. తెర మీద అంతా పచ్చగా వచ్చింది. కొత్తదాన్ని మర్నాడు వర్జ్యం వెళ్ళాక మొదలుపెడదాం, అందాకా పాతది పనిచేస్తుంది గదా అనుకుని తలుపులు వేసుకుని వెళ్ళాను.

పట్టిక లేని కంప్యూటరు ఆ రాత్రి ఏ పెట్టెకూ మెసేజీ కొట్టలేదు, తెల్లారేసరికి పెద్దమామ గుంటలు రెండింట్లో రొయ్యలు తేలిపోయినాయి. కావలివాడు తాళం పగలగొట్టి, వేసిన కొద్దీ మోటారు ఆగిపోతున్నదని తీగలు నేరుగా కలపబోయి, షాకు కొట్టి గట్టు మీద నుంచి విరుచుకు పడ్డాడు. నోట్లో నురగ వచ్చింది, ప్రాణం పోలేదు. ఆ సంగతి తెలిశాక పెట్టెల జోలికి వెళ్ళడానికి ఏ ఊళ్ళోనూ ఎవరికీ ధైర్యం చాలలేదు.

వాళ్ళు వచ్చినప్పుడు నేను కాఫీ తాగుతున్నాను. మెట్ల మీద చప్పుడు విని బేరం ఏదో వచ్చిందనుకున్నాను. పెద్దమామ వెనక నలుగురైదుగురు, చేతుల్లో వెదురు గడలు, ఒకడి చేతిలో ఏరియేటరు రెక్క. మొదటి దెబ్బ తెరకు తగిలింది, అద్దం నా కాఫీలో పడింది. రెండోది నాకు. భుజం దగ్గర ఎండు పుల్ల విరిగినట్టు వినిపించింది, నొప్పి తర్వాత వచ్చింది. కింద పడ్డవాణ్ణి కాళ్ళతో తన్నారు. తన్నేవాళ్ళలో నాకు అన్నం వడ్డించిన చేతులున్నవాళ్ళు కూడా ఉన్నారు. పెద్దమామ మాత్రం అరవకుండా, పని చేస్తున్నట్టుగా, ఒక్కొక్క మిషనునూ ఎత్తి నేలకు కొడుతున్నాడు.

"చాలు మామా, మిగిలింది ఖాతాలో రాసుకో" అన్నాను నేను కింద నుంచి. నవ్వించడానికి కాదు, నాకు అలవాటైన మాట అదొక్కటే. దానికి ఇంకో రెండు తగిలాయి.

మా నాయన కిందనుంచి కోల పట్టుకుని పైకి వచ్చాడు. నన్ను కాపాడతాడనుకున్నాను. నా వైపు చూసి, మిషన్ల వైపు చూసి, "పెద్దాయనా, వాణ్ణి కొట్టు, సరుకును కొట్టబాక" అన్నాడు. ఆ మాట వల్లనే బల్ల కింద ఉన్న ఒక్క కంప్యూటరు మిగిలింది. కొత్త ఫోల్డరు ఉన్నదీ అందులోనే.

అప్పుడే బావమరిది వచ్చాడు. అద్దం ముక్కలు తొక్కుకుంటూ వెళ్ళి మిగిలిన కంప్యూటరు వెలిగించి, వంగి చూసి, ఏం జరిగిందో క్షణంలో కనిపెట్టాడు. అతని ముఖం చూస్తే తెలిసింది. పెద్దమామ అతని చొక్కా పట్టుకుని ఎవుడు చేసినాడురా ఇది అని అడిగాడు. బావమరిది నా వైపు చూశాడు. నేను నేల మీద ఉన్నాను, నోరు బాగానే ఉంది, ఒక్క మాట చెబితే అయిపోయేది. ఎందుకో తల కిందికి వేసుకున్నాను.

"నేనే పెదనాయనా. రాసింది నేనే" అన్నాడు అతను.

అది నిజమే గదా, రాసింది అతనే. దాన్ని అడ్డం పెట్టుకుని నేను ఊరుకున్నాను. అతన్ని మెడ పట్టుకుని మెట్ల మీదుగా ఈడ్చుకుపోయి మినీ లారీలో పడేశారు. పెద్దమామ మెట్ల దగ్గర ఆగి నాతో చెప్పినాడు, నిదానంగా, రేటు చెప్పినట్టు: "అబ్బయా, పొద్దు వాలేలోగా నా మిగతా గుంటలు తిరగాల. ఊళ్ళో వాళ్ళవి తిరగాల. తిరగలేదనుకో, వీణ్ణి సచ్చిన రొయ్యల్లోనే తొక్కిస్తా. నా తమ్ముడి కొడుకని సూడను."

నాకు కుడి చెయ్యి లేవడం లేదు. కబురంది నా భార్య పరుగెత్తుకు వచ్చింది. మన కాలంలో ఆడపిల్లలకు టైపు నేర్పించేవాళ్ళు గుర్తుందా, మా ఆవిడ లోయరూ హయ్యరూ పాసయిన మనిషి. నా వైపు చూడనైనా చూడకుండా అద్దం ముక్కలు చీరకొంగుతో ఊడ్చి, ఆ మిగిలిన కంప్యూటరు ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, "చెప్పండి, ఏం కొట్టాల?" అన్నది. పట్టిక తాలూకు నకలు ఒకటి బావమరిది తీసిపెట్టి ఉంచాడు, దాన్ని లోపలికి ఎక్కించాం. కొత్త ప్రోగ్రామును లేపితే, 'శ్రీ లాభం' అన్న పేరు వచ్చిన ప్రతిచోటా అది తన్నుకుని పడిపోతున్నది. మెసేజీలు పంపే పని మొదలవగానే చెత్త తీసే వరసల్లోనూ కోట్స్ లేవు. వదిలితే మళ్ళీ ఎవరి ఇల్లు నరుకుతుందో తెలియదు. ఒక్కొక్క వరసే వెతికి అక్కడ కోట్స్ పెట్టు, ఇక్కడ పెట్టు అని చెబుతూ పోయాను.

కొంతసేపటికి ఆవిడ వేళ్ళు ఆగినాయి. "ఇవి మిగతా వరసల్లో అన్నింటికీ ఉండాయే, తుడిచేకాడ మాత్రం ఎట్టా లేవు? నా తమ్ముడు మరిచిపోయే మనిషి గాదే."

నేను చెప్పాను. సగం బేరం సంగతి, వడల సంగతి కూడా.

ఆవిడ లేచింది. పెళ్ళయిన నాటి నుంచీ నన్ను మీరు తప్ప నువ్వు అనని మనిషి. "తీయించింది నువ్వా? వాణ్ణి ఈడ్చకపోతా ఉంటే నోట్లో ఏం పెట్టుకోనుండావు?" అంటూ విరిగిన భుజం మీదే పిడికిలితో గుద్దింది. పొద్దుటి దెబ్బలన్నీ ఒక ఎత్తు, అది ఒక ఎత్తు. కళ్ళు చీకట్లు కమ్మి గోడకు జారగిలబడ్డాను. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి ఆవిడ కూర్చుని టైపు చేస్తూనే ఉంది, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

తొందరలో ఇంకో తప్పు చేయించాను. రెండు గీతల కోట్స్‌కు బదులు ఒంటి గీతవి పెట్టమన్నాను. వాటిలో కట్టిన మాటను షెల్ విప్పి చూడడు, సీలు వేసిన సంచీలా అట్లాగే పట్టుకుపోతాడు. ఫోల్డరు పేరు ఏమిటో చూసి రమ్మంటే, 'ఫోల్డరు పేరు' అన్న అక్షరాలతోనే ఒక కొత్త ఫోల్డరు కట్టిపెట్టాడు. అవన్నీ మార్చాం. ఆ తర్వాత మెసేజీ పంపే చోట కోట్స్ పెట్టినా పనిచేయలేదు. మా కంప్యూటరు నుంచి మెసేజీ గట్టు మీది పెట్టెకు చేరేలోగా ఒక పొర ఊడిపోతున్నది. హోల్‌సేలువాడు ఒక కట్టు విప్పితే చిల్లర కొట్టుకు విడి సరుకు వచ్చినట్టు. కట్టు మీద కట్టు వేయాల్సి వచ్చింది. చివరికి తుడిచే వరస దగ్గర నాకే భయం వేసింది. కొట్టడం మాని, ఎవరెవరిని కొట్టబోతున్నావో ఒక్కొక్క పేరే ఒక్కొక్క వరసలో చదివి వినిపించు అని రాయించాను. తెర మీద 'శ్రీ లాభం' అని ఒకే వరస వచ్చింది. మా ఆవిడ ఊపిరి వదలడం నాకు వినిపించింది. వీధిలో ఎండ అప్పటికే ఎర్రబడుతున్నది.

మెసేజీలు వెళ్ళడం మొదలవగానే ఆటో కట్టించుకుని మైపాడు దారి పట్టాం. దారి పొడుగునా గుంటల్లో చక్రాలు ఒకదాని తర్వాత ఒకటి లేచి నీళ్ళు చిమ్ముతున్నాయి. మామూలు రోజుల్లో ఆ చప్పుడు నాకు వ్యాపారం చప్పుడు. ఆనాడు నేను లెక్కపెట్టలేదు.

పెద్దమామ గట్టు మీద చచ్చిన రొయ్యలు కుప్పలు పోసి ఉన్నాయి. కాకులు, కొంగలు. వాసనకు మా ఆవిడ కొంగు ముక్కుకు పెట్టుకుంది. మోటారు షెడ్డులో ఇనుప గుంజకు బావమరిదిని కట్టేశారు. చొక్కా లేదు. వీపంతా వెదురు గడల తట్లు. కుడి చేతి వేళ్ళు చూసి ముందు నేను అవి వేళ్ళనుకోలేదు. వాచి, నల్లబడి, తలా ఒక దిక్కుకు చూస్తున్నాయి. పక్కన పైపు రెంచి పడి ఉంది. మధ్యాహ్నం మూడో గుంటలో కూడా రొయ్యలు పైకి వస్తున్నాయని కేక వినిపించినప్పుడు పెద్దమామ ఆ పని చేశాడట. ఏ చేత్తో రాసినావురా అని అడిగి మరీ కొట్టాడట. ఆ గుంట చావలేదు, గట్టుకు చేరినవి కాస్సేపటికి మళ్ళీ అడుక్కు దిగాయి. వేళ్ళు మాత్రం అప్పటికే నలిగిపోయినాయి.

మా ఆవిడ తమ్ముడి కట్లు విప్పుతూనే అందరి ముందూ చెప్పింది. వీడు వద్దన్నాడు పెదనాయనా, తీయించింది ఈయన, పేరు పెట్టింది ఈయన, వదిలింది ఈయన. ఒక్క ముక్క దాచలేదు. పెద్దమామ చాలాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆ పైన రెంచి తీసి బావమరిది ఎడమ చేతిలో పెట్టి, "కొట్టు" అన్నాడు. నన్ను పట్టుకోవడానికి ఇద్దరు వచ్చారు, అక్కర్లేకపోయింది, నేను కదల్లేదు.

బావమరిది రెంచి కింద పడేశాడు. క్షమించాడని మీరనుకోబాకండి. ఎడమ చేతి పిడికిలి బిగించి నా మూతి మీద కొట్టాడు. నెమ్మదైన మనిషి, జన్మలో ఎవర్నీ కొట్టి ఎరగడు, అయినా రెండు పళ్ళు అక్కడే పడినాయి. తర్వాత నా పక్కన గట్టు మీద చతికిలబడి, తిరుగుతున్న చక్రాల వైపు చూస్తూ, ఆయాసపడుతూ అడిగాడు:

"ఎట్టా లేపినావు బావా?"

రక్తం ఉమ్మి చెప్పాను. వరసవరసా కోట్స్ పెట్టించింది, ఒంటి గీతల గోల, పొర మీద పొర, అంతా. కాస్త గొప్పగానే చెప్పి ఉంటాను. అతను విని, ఇంతసేపా అన్నట్టు నా ముఖంలోకి చూశాడు.

"ఫోల్డరు పేర్లో ఖాళీ తీసేసి మళ్ళీ కట్టి ఉంటే ఐపోయేది గదా బావా. మధ్యాన్నంలోపలే తిరిగేటియ్యి."

నిజం. పేరు మారిస్తే చాలు, ఒక్క కోట్ గుర్తు కూడా పెట్టనక్కర్లేదు. మూడో గుంట దగ్గర ఆ కేక వేసే అవసరమే వచ్చేది కాదు. నాకు తట్టలేదు. ఎందుకు తట్టలేదని తర్వాత ఎన్నిసార్లు అడుక్కున్నా ఒకటే జవాబు వచ్చింది. ఆ పేరు నేను పెట్టింది. నేను పెట్టిన ధర తప్పని ఒప్పుకోవడం ఎట్లా చేతకాదో, నేను పెట్టిన పేరు తప్పై ఉంటుందని తోచడమూ నాకు అట్లాగే చేతకాదు. బావమరిది నలిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు.

ఆ గుంటలు ఇప్పుడూ ఉన్నాయి, చేతులు మారినాయి. ఇప్పుడు మోటారు ఆగితే రైతు జేబులో ఫోను మోగుతుంది. ఫిర్యాదు ఎక్కడో ఉన్న నంబరుకు పోతుంది, అక్కడ ఎవరో మర్యాదగా విచారం తెలుపుతారు. ఎవరూ మెట్లెక్కి రారు. ఎవరి ఎముకలూ విరగవు, అది మంచిదే, కొట్టడం బాగుండేదని చెప్పేంత వెర్రివాణ్ణి కాను. అయితే ఆనాడు నా తప్పు ఎవరి గుంట మీద పడిందో, ఆ గట్టు మీద ఏ కాకులు వాలాయో నేను వెళ్ళి చూశాను. ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లలు రాసేది ఎవరి గుంట మీద పడుతుందో వాళ్ళకూ తెలియదు, నాకూ తెలియదు. పొద్దున వచ్చి సరిచేసి, టీ తాగి, ఇళ్ళకు పోతాం. నెమ్మదిగా బతుకుతున్నాం. ఒక్కోసారి ఆ నెమ్మదే నన్ను నడిరాత్రి లేపి కూర్చోబెడుతుంది.

బిల్లు చెప్పి ముగిస్తాను. పెద్దమామకు రెండు గుంటల రొయ్యలు పోయినాయి, మరుసటి పంటకు తేరుకున్నాడు. పోయేదాకా ఆ పిల్లవాడి కుడి చెయ్యి వైపు మాత్రం చూడలేకపోయాడు. కావలివాడు వారం తిరక్కుండా మళ్ళీ గట్టెక్కాడు. నాకు ఒక ఎముక, రెండు పళ్ళు. ఎముక కాస్త వంకరగానైనా అతుక్కుంది, పళ్ళు కట్టించుకున్నాను. మా ఆవిడ మళ్ళీ మీరు అనడానికి చాలా కాలం పట్టింది గాని, అన్నది. నాకు ఈ విద్య మిగిలింది, దాంతోనే ఇప్పటికీ జీతం తీసుకుంటున్నాను. బావమరిదికి రెండు వేళ్ళు ముడుచుకోవు. కీబోర్డు ముందు కూర్చోవడం ఆ ఏడాదే మానేశాడు, మైపాడులో పడవలకు ఐసు వేస్తాడు, ఎడమ చేత్తో కొక్కెం పట్టుకుని. మా ఇంటికి వస్తాడు, అక్క వడ్డిస్తే తింటాడు, అన్నీ మాట్లాడతాడు, ఆ పని గురించి తప్ప. అతను నాకంటే ఎంతో బాగా చేసేవాడు. నేను బేరమాడి మిగిల్చుకున్నది ఒక స్క్రిప్టులో కొన్ని గుర్తులు. ఎటు నుంచి కూడినా చెల్లించింది అతను, సరుకు ఇంటికి తెచ్చుకున్నది నేను.